మైగ్రేన్: మాత్ర మింగిన రోజుల లెక్క

మైగ్రేన్‌తో వచ్చినవారిని నొప్పి ఎంత తీవ్రంగా ఉంటోంది, ఏ పక్క వస్తోంది అని వైద్యులు అడగడం పరిపాటి. గడచిన నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకున్నారన్న ప్రశ్న కూడా తప్పకుండా అడగాలి. చికిత్స దారి మార్చాలా వద్దా అన్నది చాలావరకు ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

నొప్పి మొదలైనప్పుడు వేసుకునే మందుల విషయంలో ఆలస్యమే పెద్ద శత్రువు. 1990ల ఆరంభంలో వాడుకలోకి వచ్చిన సుమాట్రిప్టాన్, ఆ తరగతికి చెందిన ఇతర ట్రిప్టాన్లు నొప్పి ఇంకా తక్కువగా ఉన్నప్పుడు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. "తగ్గుతుందేమో చూద్దాం" అని గంటసేపు ఓర్చుకుని, వికారం మొదలయ్యాక మింగితే, మైగ్రేన్ వేళ జీర్ణాశయం కదలికలు మందగిస్తాయి గనుక మందు ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది, వాంతి అయితే అదీ దక్కదు. అలాంటివారికి ముక్కులో కొట్టుకునే స్ప్రే గానీ ఇంజెక్షన్ గానీ మేలు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారు, పక్షవాతం వచ్చినవారు, రక్తపోటు అదుపులో లేనివారు మాత్రం ట్రిప్టాన్లు వాడకూడదు.

అయితే మామూలు నొప్పి మాత్రలను నెలకు 15 రోజులు లేదా ఆపైన, ట్రిప్టాన్లను 10 రోజులు లేదా ఆపైన, మూడు నెలలకు మించి వాడుతూ పోతే ఆ మందులే తలనొప్పిని పెంచే ప్రమాదం ఉంది. త్వరగా వేసుకోమనే సలహా, తక్కువ రోజులే వేసుకోమనే సలహా నెలకు రెండుసార్లు నొప్పి వచ్చే మనిషిలో సర్దుకుపోతాయి. పది పన్నెండుసార్లు వచ్చే మనిషిలో సర్దుకోవు. అతిగా మాత్రలు మింగుతున్నారని ఆ మనిషిని మందలించడం అన్యాయం. అక్కడ కావలసింది నొప్పి రాకుండా ముందునుంచే వాడే నివారణ మందు.

ప్రోప్రనలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్, కాండిసార్టాన్ వంటి పాత నివారణ మందులన్నీ వేరే జబ్బుల కోసం వచ్చినవే. "నాకు బీపీ లేదు కదా, ఈ మాత్ర ఎందుకు?" అన్న అనుమానం తీర్చకుండా చీటీ రాసిస్తే, రోగి రెండు వారాలకే మానేస్తారు. తగిన మోతాదుకు చేరాక కనీసం ఎనిమిది వారాలు చూడనిదే ఫలితం తేల్చలేమని, నొప్పి రోజులు సగానికి తగ్గినా అది విజయమేనని ముందే చెప్పాలి. ఉబ్బసం ఉన్నవారికి ప్రోప్రనలాల్ పనికిరాదు. టోపిరమేట్‌తో కొందరికి మాట్లాడుతుండగా మాట తట్టదు. మరో నివారణ మందు వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ రెండూ గర్భస్థ శిశువుకు హాని చేయగలవు కనుక గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలతో ఆ సంగతి మొదటి రోజే మాట్లాడి తీరాలి.

మైగ్రేన్‌లో పాత్ర వహించే సీజీఆర్‌పీ అనే పదార్థం పనిని అడ్డుకునే ఇంజెక్షన్లలో మొదటిదైన ఎరెనుమాబ్‌కు 2018లో అమెరికాలో అనుమతి లభించింది. ఈ తరగతి మందులను మొదటి వరుసలోనే ఇవ్వవచ్చని అమెరికన్ హెడేక్ సొసైటీ 2024లో ప్రకటించగా, ఖర్చును కూడా లెక్కలోకి తీసుకున్న అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2025లో పాత మందులకే ప్రాధాన్యమిచ్చింది. పాతవాటితో మొదలుపెట్టడం సబబే. కానీ పడని మందును ఏడాది పొడవునా కొనసాగించడం రోగి జీవితంలోంచి ఒక ఏడాదిని తీసేయడమే. అందుకే మందు మొదలుపెట్టిన తేదీ పక్కనే, అది పనిచేస్తోందో లేదో తేల్చుకునే తేదీ కూడా చీటీ మీద రాసి ఉండాలి.