ముడతలు గీసినంత మాత్రాన ముసలామె అయిపోదు

"వయసులో ఉన్న మొహం గీసి నాలుగు ముడతలు పెట్టండి, జుట్టు తెల్లగా చేయండి, ముసలామె రెడీ. అసలు పెద్ద ఆర్టిస్టులెవరూ ముసలి ఆడవాళ్ళని సీరియస్‌గా గీయలేదు, మన శిల్పాల్లో అయితే అస్సలు లేరు" అని ఒక మాట తెగ షేర్ అవుతోంది. బొమ్మలు నేర్చుకునే పిల్లలు ఇది నిజమే అనుకుంటున్నారు, నాకు బాధ అదే.

ముందు ముడతల సంగతి. వయసు తెలిసేది ఎముక దగ్గరండీ. కణతలు లోపలికి పోతాయి, కంటి గుంట అంచు తేలుతుంది, పళ్ళు ఊడితే పెదాలు లోపలికి ముడుచుకుని గడ్డం ముక్కు వైపు లేస్తుంది, బోసినోరు అంటే అదే కదా. ఇవేవీ చూడకుండా నున్నటి మొహం మీద ఒకే మందంలో గీతలు లాగితే పగుళ్ళిచ్చిన గోడలా ఉంటుంది. ముడతకి ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఉంటాయి, బొగ్గుతో నీడ వేసి వేలితో మెత్తగా రుద్ది వెలుగు పడేచోట రబ్బరుతో తీస్తే చాలాసార్లు గీత అవసరమే రాదు.

పెద్ద ఆర్టిస్టులు గీయలేదా? జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ 1514లో వాళ్ళమ్మని బొగ్గుతో గీశాడు. ఆవిడకి 63 ఏళ్ళు, 18 మందిని కన్న తల్లి, ఆ తర్వాత రెండు నెలలకే పోయింది. నుదుటి మీద గీతలున్నాయి నిజమే, కానీ ఆ మెడ చూడండి, నరాలు తాళ్ళలా లేచి, కింద కాలర్ ఎముకలు పొడుచుకొచ్చి, ఆవిడ పడ్డ కష్టమంతా అక్కడే ఉంది. జర్మనీ ఆర్టిస్టు కేతె కోల్విట్స్ డెబ్బై ఏళ్ళ వయసులో కూడా తన మొహాన్ని తనే లిథోగ్రాఫ్ (రాతి పలక మీద గీసి తీసే అచ్చు) వేసుకుంది. అమెరికా చిత్రకారిణి ఆలిస్ నీల్ అయితే 1980లో, 80 ఏళ్ళప్పుడు, కళ్ళజోడు పెట్టుకుని, చేతిలో బ్రష్‌తో, ఒంటి మీద బట్ట లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు తన బొమ్మ పూర్తి చేసింది, జారిన ఒళ్ళు చుట్టూ నీలం గీత, దాపరికమే లేదు.

ఇక మన శిల్పాలు. చోళుల కాలపు కారైక్కాల్ అమ్మైయార్ (తమిళ శివభక్తురాలు) కంచు విగ్రహాలు చూడలేదా? భజనలో వాయించే తాళాలు పట్టుకుని కూర్చుని ఉంటుంది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, రొమ్ములు ఎండి వేలాడుతుంటాయి. కథ ప్రకారం ఆ రూపం వయసుతో వచ్చింది కాదు, అందం వద్దని శివుణ్ణి అడిగి తెచ్చుకుంది, అది ఒప్పుకుంటా. కానీ ఎండిన ఒళ్ళు ఎలా ఉంటుందో దగ్గరగా చూడకుండా కంచు పోసే ముందు చేసే మైనపు బొమ్మలో ఆ ఎముకలు ఎవరూ తీర్చలేరు, పైగా నున్నటి పార్వతి విగ్రహాలు పోసింది కూడా ఆ సంప్రదాయం శిల్పులే.