సేవకు వెళ్తున్నారా? ఫీజు కట్టి వెళ్లండి

జీతం ఆఫీసు ఇస్తుంది, విమానం టికెట్టూ ఆఫీసే కొంటుంది. మనం వెళ్లి వేరే దేశంలోని ఒక స్వచ్ఛంద సంస్థలో నెలో, ఆరు నెలలో పనిచేసి వస్తాం. ఇది కొత్త సంగతేమీ కాదు. మందుల కంపెనీ ఫైజర్ 2003లో, కంప్యూటర్ కంపెనీ ఐబీఎం 2008లో, మరో మందుల కంపెనీ జీఎస్‌కే 2009లో ఇలాంటి కార్యక్రమాలు మొదలుపెట్టాయి. ఐబీఎం మొదటి బృందాలు ఘనా, టాంజానియా, వియత్నాం లాంటి చోట్లకు వెళ్లాయి. వెళ్లేవాళ్లలో మనవాళ్లూ ఉంటున్నారు. బయల్దేరే రోజు ఎయిర్‌పోర్టులో ఒక ఫొటో, దాని కింద ‘సేవ చేసే భాగ్యం దక్కింది’ అని ఒక ముక్క. నా పేచీ ఆ ‘సేవ’ అనే మాటతోనే.

అది ట్రైనింగ్. ఐబీఎం కూడా తన కార్యక్రమాన్ని మొదటి నుంచీ నాయకత్వ శిక్షణగానే చెప్పుకుంది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అదే ఉద్యోగిని బిజినెస్ స్కూల్‌కు పంపితే కంపెనీ లక్షల్లో ఫీజు కడుతుంది. కరెంటు, నెట్ సరిగ్గా ఉండని ఊళ్లో, నాలుగు భాషల మధ్య పని నడిపించడం నేర్పిన సంస్థకు మాత్రం ‘థాంక్యూ’ చెప్పి ఒక మెమెంటో చేతిలో పెట్టి వస్తుంది.

నా పాత కొలీగ్ ఒకాయన ఇలాగే ఆఫ్రికాలో ఒక ఆరోగ్య సంస్థకు వెళ్లాడు. మందుల స్టాకు లెక్కలన్నీ కంప్యూటర్ తెరమీద ఒకేచోట కనిపించేలా చక్కటి డ్యాష్‌బోర్డు కడతానని బయల్దేరాడు. మొదటి వారమంతా అక్కడి నర్సు తన పని పక్కన పెట్టి ఆయనకు రిజిస్టర్ ఎలా చదవాలో చెప్పింది. ఏ మందు ఎప్పుడు అయిపోతుందో, వానలకు దారి తెగితే ఏం చేస్తారో చెప్పింది. ఆయన పని ముగించుకుని వచ్చేశాడు. కొన్నాళ్లకు అక్కడివాళ్లు దాని పాస్‌వర్డ్ మర్చిపోయారట, మళ్లీ రిజిస్టరే. ఇక్కడ ఆయనకు ప్రమోషన్ వచ్చింది. అక్కడ నేర్చుకున్నదే ఇంటర్వ్యూలో చెప్పానని ఆయనే నవ్వుతూ అన్నాడు. ఆ నర్సు వారం రోజుల జీతం ఎవరి ఖాతాలో రాయాలి?

లక్షలు పోసినా దొరకని నిపుణులు ఉచితంగా వస్తున్నారు కదా, అంటారు. నిజమే, కొన్నిచోట్ల వాళ్ల వల్ల ఆడిట్ లెక్కలు దారిలో పడతాయి, నిధులూ వస్తాయి. అయితే వచ్చినవాళ్లకు బస చూడాలి, దుబాసీని వెతకాలి, పని అప్పజెప్పాలి. వాళ్లు వెళ్లాక మిగిలినది సర్దుకోవాలి. ఇదంతా ఉచితం అనుకోవడమే అసలు తిరకాసు.

మన చట్టం ఈ విషయంలో నయం. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభాల్లో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. క్రీడాకారుల శిక్షణ లాంటి మినహాయింపు తప్ప, దేశం బయట చేసిన పని ఆ లెక్కలోకి రాదు. ఉద్యోగుల పనికి వెలకట్టి అందులో చూపించడానికీ వీల్లేదని కేంద్రం 2021లో తేల్చి చెప్పింది. కంపెనీలకు ఇది గిట్టదు, నాకు మాత్రం బాగానే ఉంది. అది ట్రైనింగ్ ఖర్చు, ఆ పద్దులోనే రాసుకోమనండి. నేర్పిన సంస్థకు ఫీజు కూడా అందులోంచే కట్టమనండి. ఎవరు రావాలో, అసలు రావాలో వద్దో చెప్పే హక్కు ఆ సంస్థకే ఉండాలి.

అంత దూరం ఎందుకు? ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఊళ్లోకి వస్తారు. అంగన్‌వాడీ టీచరు పిల్లలకు అన్నం పెడుతూనే జవాబులు చెబుతుంది, ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిప్పి చూపిస్తుంది. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో పేద రోగుల మంచాల చుట్టూ నిలబడే ఎన్నో బ్యాచ్‌లు డాక్టర్లయ్యాయి. నేర్చుకున్నవాళ్ల చేతికి పట్టాలు వచ్చాయి. నేర్పినవాళ్లను మనం ‘లబ్ధిదారులు’ అని రాసుకుంటున్నాం.

మీకూ ఇలాంటి ‘సేవ’కు ఎంపికయ్యారని ఆఫీసు లెటర్ వచ్చి, వచ్చే నెలే ప్రయాణమైతే, టీకాల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు మీ హెచ్‌ఆర్‌ను ఒక్కటి అడగండి: నాకు పని నేర్పబోయే మనిషికి మనం ఎంత ఇస్తున్నాం?