ఎర్ర ఇగ్నిషన్ కాయిల్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఎర్ర కాయిల్ గారి దివ్యసముఖమునకు, నెల్లూరు నుంచి ఒక సామాన్యుడు వ్రాయు విన్నపం.

ఇక్కడ మేమంతా క్షేమం, మా బావమరిది బ్యాంకు ఖాతా తప్ప.

బ్యాటరీ కరెంటును వేల వోల్టులకు పెంచి, సిలిండర్లో పెట్రోలు అంటించే నిప్పురవ్వ పుట్టించడం తమరి ఉద్యోగం. మా బావమరిది తన కారుకని తెప్పిస్తే, తమరు నలుగురు అన్నదమ్ములూ స్పాంజి పరుపు మీద పడుకుని కొరియర్‌లో దిగారు. పెట్టె మీద '60 వేల వోల్టులు' అని రాసి ఉంది. మావాడు ఆ అంకెను వీధి వీధంతా చాటాడు. ఇంట్లో కరెంటు బిల్లు పెరుగుతుందేమోనని మా అత్తగారు రెండు రోజులు మీటరు వైపే చూస్తూ కూర్చుంది. పాపం, కారులో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ అని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ 60 వేల సంగతి కొంచెం మాట్లాడుకుందాం. ఆ రవ్వ పడేది స్పార్క్ ప్లగ్గు దగ్గర, దాని కొసన ఉండే సందు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. దాన్ని దూకడానికి ఎంత వోల్టేజీ కావాలో అంత రాగానే నిప్పురవ్వ దూకేస్తుంది, మిగతాదాని కోసం ఆగదు. 20 వేలకే దూకితే తక్కిన 40 వేలూ పెట్టె మీది అక్షరాల్లోనే ఉండిపోతాయి. గడ్డివామికి అగ్గిపుల్ల గీసినా కాగడా పెట్టినా మండేది అదే గడ్డి. తమరు గడ్డి తేలేదు గదా స్వామీ!

అయినా తమరిని బిగించాక బండి పికప్ మారిన మాట నిజం. కావలి దాకా వెళ్లి వచ్చి మావాడు పండగ చేసుకున్నాడు. అంతకుముందు హైవే ఎక్కి గట్టిగా తొక్కితే చాలు, జర్కులు, మిస్సింగ్ (రవ్వ సరిగ్గా పడక సిలిండర్ మండకపోవడం). మెల్లగా పోతే ఏమీ లేదు. ఆటోనగర్‌లో పెద్ద మేస్త్రీ పాత ప్లగ్గు ఒకటి తీసుకుని గుడ్డతో తుడిచాడు. తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి వెంట్రుకంత నల్లగీత. తుడిస్తే పోలేదు. దాని మీద ఉండే రబ్బరు బూటు లోపల కూడా సరిగ్గా అక్కడే అదే గీత. "అబ్బయా, దెయ్యం ఉండేది కాయిల్లో కాదు, ఇక్కడ" అన్నాడు. యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ సందు దూకడం కష్టమవుతుంది. అప్పుడు కరెంటు దొడ్డిదారి వెతుక్కుని ఆ గీత వెంట బయటికి జారుకుంటుంది. తమరితో పాటు కొత్త బూట్లు, కొత్త ప్లగ్గులు వచ్చాయి. రోగం కుదిర్చింది అవి, దండలు పడింది తమరికి.

పాత నల్ల కాయిళ్లు అట్టపెట్టెలో పడి ఉన్నాయి. 6000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఒక్కొక్కటీ సెకనుకు 50 సార్లు రవ్వ కొట్టేవి, నోరెత్తకుండా. వాటికి ఎర్ర రంగు లేకపోవడమే నేరం.

ఇక మే నెల. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మాది. పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందే రవ్వ పడాలి, మంట రాజుకోవడానికి టైం కావాలి గనక. ఆ ఎండలో వేడిగాలి లోపలికి వెళ్లిందా, మంట చేరేలోపే మూలనున్న పెట్రోలు ఆవిరి తనంతట తానే భగ్గుమంటుంది. అదే నాకింగ్. సెన్సార్ ఆ మోత వినగానే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, టైమింగ్‌ను (రవ్వ పడే క్షణాన్ని) వెనక్కి లాగుతుంది, బండి డల్లవుతుంది. అప్పుడు తమరేం చేశారు? చెప్పినప్పుడు రవ్వ కొట్టారు, అంతే. ఇక్కడ అసలు కిటుకు ఆ 'ఎప్పుడు'లోనే ఉంది, అది పెట్రోలు ఆక్టేన్‌ను (నాకింగ్‌ను తట్టుకునే గుణాన్ని) బట్టి, రీమ్యాప్ చేసేవాడి, అంటే ఆ కంప్యూటర్ లెక్కలు మార్చేవాడి, బుర్రను బట్టి ఉంటుంది.

తమరు బొత్తిగా పనికిరారని అనను. టర్బో బూస్ట్ (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడి) బాగా పెంచిన బండిలో ప్లగ్గు సందు తగ్గించి చూశాక కూడా మిస్సింగ్ వస్తుంటే అప్పుడు తమరిని పిలవాల్సిందే. మావాడి బండికి బూస్ట్ పెంచిందీ లేదు, ట్రంక్ రోడ్డులో సాయంత్రం పూట రెండో గేరు దాటిందీ లేదు.

ఇట్లు,
తమరి ధర ఇంకా మరిచిపోలేని
ఒక బావగారు

తా.క.: తమరిని అమ్మకానికి పెట్టారు. ఒంగోలు నుంచి ఒకాయన వచ్చి చూసి వెళ్లాడు, ఆయన బండి కూడా గట్టిగా తొక్కితే జర్కు కొడుతోందట. బేరం కుదిరింది. ప్లగ్గుల మాట ఆయన అడగలేదు, మావాడూ ఎత్తలేదు.