ఢిల్లీ–తాష్కెంట్: దగ్గరి ఊరికి చుట్టుదారి

ఢిల్లీ నుంచి చెన్నైకి విమాన దూరం సుమారు 1,760 కిలోమీటర్లు. తాష్కెంట్‌కు దాదాపు 1,580. అంటే మన దేశ రాజధానికి తమిళనాడు రాజధాని కంటే ఉజ్బెకిస్తాన్ రాజధానే దగ్గర. అయినా 2025 ఏప్రిల్ చివరి వారంలో ఇండిగో తన తాష్కెంట్, అల్మాటీ సర్వీసులను నిలిపివేసింది. తన దగ్గరున్న విమానాలకు ఆ నగరాలు అందుబాటులో లేవని ప్రకటించింది. పహల్గాం దాడి తర్వాత ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు గగనతలాన్ని మూసివేయడం, 30న మనమూ అదే పని చేయడం, ఆపై ఇరుపక్షాలూ నెలనెలా, మూసివేతను పైలట్లకు తెలిపే అధికారిక నోటీసులైన నోటమ్‌లు పొడిగిస్తూ పోవడం తెలిసిన కథే.

విచిత్రమేమిటంటే, ఆ దారి మూతపడనే లేదు. ఉజ్బెకిస్తాన్ ఎయిర్‌వేస్ విమానం అదే ఢిల్లీలో బయలుదేరి, అదే పాకిస్తాన్ మీదుగా సుమారు మూడు గంటల్లో తాష్కెంట్‌లో దిగుతుంది. భారత్‌లో నమోదైన విమానం మాత్రం ముందు అరేబియా సముద్రం మీదికి దిగి, ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్‌ల మీదుగా పైకెక్కాలి. దూరం రెట్టింపు దాటుతుంది. తూర్పున టిబెట్ వైపు తిరిగే వీలూ అంతంతమాత్రమే. క్యాబిన్‌లో పీడనం పడిపోతే విమానం పదివేల అడుగులకు దిగాలి, అక్కడి నేలే అంతకంటే ఎత్తు.

ఉగ్రదాడికి ఊరుకోలేం, యుద్ధానికి దిగలేం, కాబట్టి మధ్యేమార్గంగా ఆర్థికంగా నొప్పి కలిగించాలన్నది మూసివేత సమర్థకుల వాదన. నొప్పి ఎవరికన్నదే ప్రశ్న. 2019లో బాలాకోట్ అనంతరం పాకిస్తాన్ గగనతలం నెలల తరబడి మూతపడినప్పుడు జులై 2 నాటికి ఒక్క ఎయిరిండియాకే 491 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని పార్లమెంటులోనే చెప్పారు. 2025లో తొలి రెండు నెలల్లోనే తమకు 410 కోట్ల పాకిస్తానీ రూపాయల మేర ఆదాయం పోయిందని ఆ దేశ రక్షణ శాఖ ఒప్పుకుంది. దీంతో ఏ ఉగ్రవాద శిబిరమైనా మూతపడిందా?

చట్టం మాటకొస్తే, 1944 నాటి చికాగో ఒడంబడిక తొమ్మిదో అధికరణం అసాధారణ పరిస్థితుల్లో గగనతలాన్ని తాత్కాలికంగా మూసే వీలిచ్చింది, అయితే ఏ దేశపు విమానమన్న వివక్ష లేకుండా. ఈ స్ఫూర్తిని ఉల్లంఘించడంలో మన చేతులూ శుభ్రంగా లేవు. 1971లో మన ‘గంగ’ విమానాన్ని లాహోర్‌కు హైజాక్ చేశాక పాకిస్తాన్ విమానాలను మన గగనతలంలోకి రానివ్వకపోవడంతో కరాచీ నుంచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకాకు ప్రయాణం కొలంబో చుట్టూ తిరిగి దాదాపు రెట్టింపైంది. ఆ వివాదాన్ని విచారించే అధికారం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) మండలికి లేదన్న మన వాదనను అంతర్జాతీయ న్యాయస్థానం 1972లో తోసిపుచ్చింది.

అసలు నష్టం టికెట్ల లెక్కలో కనిపించదు. మధ్య ఆసియాతో అనుసంధాన విధానాన్ని 2012లో ప్రకటించుకున్నాం, 2022 జనవరిలో ఐదు దేశాల అధినేతలతో శిఖరాగ్ర సమావేశం జరిపాం, ఇరాన్‌లోని చాబహార్ రేవుపై ఏళ్ల తరబడి ఆశలు పెట్టుకున్నాం. ఇంత చేసి, ఒక మామూలు ఎయిర్‌బస్ నేరుగా వెళ్లగల ఊరికి 2025లో మన విమానం లేకుండా చేసుకున్నాం. ఆ ప్రయాణికులను విదేశీ సంస్థలకు అప్పగించాం. నోటమ్ గడువు ప్రతి నెలా ముగుస్తుంది కాబట్టి, పొడిగించే ప్రతిసారీ పౌర ప్రయాణికుల విమానాలను పరస్పరం మినహాయిద్దామని ప్రతిపాదించే అవకాశం ఢిల్లీకి ఉంది. ఇస్లామాబాద్ కాదంటే, ఆ తిరస్కారాన్ని ఐకావో ముందు పెట్టవచ్చు.