కోపం ఉద్వేగం కాదా?

పెద్ద పదవికి ఒక మహిళ పేరు వినపడగానే మళ్లీ అదే సన్నాయినొక్కు: 'సమర్థురాలే, కానీ ఒత్తిడిలో నిలకడగా ఉండగలరా?' అదే కుర్చీలో కూర్చుని బల్ల గుద్ది, ఫైళ్లు విసిరి, కిందివాళ్ల మీద నోరు పారేసుకున్న మగ అధికారికి మాత్రం 'గట్టి మనిషి' అని కితాబు. కన్నీళ్లయితే ఉద్వేగమట, కేకలైతే నాయకత్వమట!

ఉద్వేగాల జాబితాలోంచి కోపాన్ని ఎవరు, ఎప్పుడు కొట్టేశారు? నవరసాల్లో కరుణ పక్కనే రౌద్రం ఉంది. అరిషడ్వర్గాల్లో కామం తర్వాత క్రోధమే. ఈ లెక్కన రోజూ ఉద్వేగంతో ఊగిపోతున్నది ఎవరు?

2006 ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్లో ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ ప్రత్యర్థి ఛాతీని తలతో కుమ్మి మైదానం వీడాడు. టోర్నీ ఉత్తమ ఆటగాడి బహుమతి ఆయనకే దక్కింది. మగవాళ్లు కెప్టెన్సీకి పనికిరారని ఆ రోజు ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. 1873లో మైరా బ్రాడ్‌వెల్‌కు న్యాయవాద వృత్తి నిరాకరణను సమర్థించిన అమెరికా సుప్రీంకోర్టులో మాత్రం, స్త్రీకి సహజమైన బెరుకూ సుకుమారమూ చాలా వృత్తులకు ఆమెను అనర్హురాలిని చేస్తాయని ఒక న్యాయమూర్తి రాసిపెట్టారు. పాతకాలం సంగతంటారా? విమర్శిస్తే అమ్మాయిలు ఏడుస్తారని నోబెల్ గ్రహీత టిమ్ హంట్ వేదికెక్కి అన్నది 2015లో. సరదాకన్నానని తర్వాత చెప్పుకున్నారనుకోండి.

హార్మోన్ల తేడాలు లేవా అనేవారున్నారు. ఉన్నాయి. మగవాళ్లలో ఎక్కువగా ఉండే టెస్టోస్టెరాన్ కూడా హార్మోనే.

అసలు గుట్టు 2008లో బ్రెస్కాల్, ఉల్మన్ అనే ఇద్దరు పరిశోధకులు అచ్చేసిన అధ్యయనంలో ఉంది. కోప్పడిన మగ ఉద్యోగికి చూసినవాళ్లు ఎక్కువ హోదా కట్టబెట్టారు. అలాగే కోప్పడిన మహిళకు తగ్గించారు. అతని కోపానికి పరిస్థితులు కారణమట, ఆమె కోపానికి ఆమె స్వభావమే కారణమట. అంటే ఏడిస్తే బలహీనురాలు, అరిస్తే గయ్యాళి, మౌనంగా ఉంటే రాతిగుండె. ఇన్ని తూకపురాళ్లు మార్చే త్రాసును హేతుబద్ధత అని పిలవడానికి ఈ పెద్దలకు నోరెలా వస్తోందో మాకు అర్థం కావడం లేదు. ఆడపిల్ల సంగతి అటుంచితే, 'మగాడివై ఉండి ఏడుస్తావా' అని కుర్రాడి దుఃఖాన్ని నొక్కేసి, అతనికి కోపం ఒక్కటే మిగిల్చేదీ ఇదే త్రాసు.

ఎంపిక కమిటీల్లోని అయ్యలారా! ఆమె కంటతడి పెడుతుందేమోనని ఆరా తీశారు సరే. ఆయన ఎన్నిసార్లు ఫోను గోడకేసి కొట్టారో, ఎందరు ఆయన గదిలోంచి వణుకుతూ బయటికొచ్చారో ఎప్పుడైనా అడిగారా? ఈసారి ఆ లెక్క కూడా తెప్పించుకుని కూర్చోండి.