గుడి దగ్గర వదిలేస్తే కుక్క బతుకుతుందా?

"పెంచుకోలేని పరిస్థితి వస్తే కుక్కను ఏ గుడి దగ్గరో, పొలాల్లోనో వదిలేయండి. బతకడం దానికి పుట్టుకతోనే తెలుసు. చట్టం కూడా తప్పు పట్టదు. పెద్ద కుక్కను ఎలాగూ ఎవరూ తీసుకోరు." వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాటలివి. ఇల్లు మారేవాళ్లు, విదేశాలకు వెళ్లేవాళ్లు నమ్మేస్తున్నారు కాబట్టి ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతాను.

బతకడం దానికి తెలుసా? వీధిలో పుట్టిన కుక్కకు తెలుసు. ఏ ఇంటి ముందు అన్నం పెడతారో, లారీ వస్తే ఎటు తప్పుకోవాలో అది తల్లి వెంట తిరిగి నేర్చుకుంది. మీ వంటింట్లో పెరుగన్నం తిని పెరిగినదానికి ఇవేమీ తెలియవు. పైగా గుడి దగ్గర అప్పటికే ఒక గుంపు ఉంటుంది. కొత్తగా వచ్చినదాన్ని అవి తరిమి కరుస్తాయి. బెదిరి పరుగెత్తితే రోడ్డు మీద పడుతుంది. హస్కీ లాంటి చలిదేశపు జాతికైతే మన మే నెల ఎండలో నీడ, నీళ్లు లేకపోతే వడదెబ్బే ప్రాణం తీస్తుంది. మా వీధి చివర ఎవరో వదిలేసిన లాబ్రడార్ రెండు రోజులు అక్కడే కూర్చుంది. ఆగిన ప్రతి కారు దగ్గరికీ తోక ఊపుకుంటూ వెళ్లేది. నేను పెట్టిన అన్నం ముట్టలేదు.

చట్టం మాట. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 11వ సెక్షన్ చూడండి. సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో అల్లాడే పరిస్థితిలో జంతువును వదిలేయడం నేరం. మొదటిసారికి జరిమానా 50 రూపాయలకు మించదు, నిజమే. జరిమానా చిన్నదైనంత మాత్రాన నేరం నేరం కాకుండా పోదు.

ఇక పెద్ద కుక్కను ఎవరూ తీసుకోరన్న మాట. అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక మా ఆరేళ్ల కుక్కకు ఇల్లు వెతకాల్సి వచ్చింది. ఏడు వారాలు పట్టింది, టెన్షన్ కూడా పడ్డాం. బంధువులను అడిగాం, టీకాలు వేసే డాక్టరు గారికి చెప్పాం. టపాసులకు భయపడుతుందని, పిల్లులను తరుముతుందని దాచకుండా చెప్పాం. అవి దాస్తే వారంలోనే వెనక్కి వస్తుంది. చివరికి రిటైరైన దంపతులు ముందుకొచ్చారు. కుక్కపిల్ల వెనక పరుగెత్తలేం, అన్నీ నేర్చినదే కావాలన్నారు.

ఫ్రీగా ఇస్తామని ప్రకటించి, మొదట అడిగినవాళ్ల చేతిలో పెట్టేయకండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలను కుక్కపిల్లల వ్యాపారం కోసం పట్టుకెళ్లేవాళ్లున్నారు. ముందే ఆపరేషన్ చేయించండి. తీసుకునేవాళ్ల ఇంటికి వెళ్లి చూడండి. అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నారో లేదో అడగండి. మేము రెండు వారాలు చూసుకోమన్నాం, కుదరకపోతే మాకే తిరిగి ఇవ్వాలని కాగితం రాసుకున్నాం. టీకాల కార్డుతో పాటు అది పడుకునే దుప్పటిని ఉతక్కుండా ఇచ్చాం. తన వాసన ఉంటే కొత్త చోట కాస్త నెమ్మదిస్తుంది. మున్సిపాలిటీ రిజిస్ట్రేషన్ ఉంటే పేరు మార్పించాలి. షెల్టర్ అనుకుంటే ముందు ఫోన్ చేసి చోటు ఉందో లేదో కనుక్కోండి, రాత్రిపూట గేటుకు కట్టేసి రాకండి.

కొత్త ఇంట్లో మొదటి మూడు రోజులు మా కుక్క సరిగా తినలేదట. పదో రోజు ఆ దంపతుల్లో ఆవిడ ఫోన్ చేసి, రాత్రి తమ మంచం కిందికి వచ్చి పడుకుందని చెప్పారు. అమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నది.