సైటేషన్ కౌంట్ గారికి ఒక సమోసాల బాధితుడి లేఖ

మహారాజశ్రీ సైటేషన్ కౌంట్ గారి దివ్యసముఖమునకు ఒక పళ్ళ డాక్టర్ నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. ఎవరో ఒకరు మా పరిశోధన పేపర్‌ని సైట్ చేసిన, అంటే ఉటంకించిన, ప్రతిసారీ ఒకటి పెరగడమే తప్ప తమరికి తగ్గడమంటూ లేదు కాబట్టి తమ క్షేమం అడగడం లేదు.

నిన్న మధ్యాహ్నం ఓపీ పలచగా ఉంది. ఫోన్ టింగుమంది. మీ పేపర్‌ని ఒకరు సైట్ చేశారు అని మెయిల్. మినీ స్క్రూల మీద, అంటే పళ్ళని కదిలించడానికి ఆసరాగా దవడ ఎముకలో బిగించే బుల్లి స్క్రూల మీద, నేను రాసిన ఆ పేపర్ అచ్చయి నాలుగేళ్ళు. ఇన్నాళ్ళూ నా పేరు పక్కన సున్నాలా కూర్చున్న తమరు ఒక్కసారిగా ఒకటయ్యారు. పట్టలేక డిపార్ట్‌మెంట్ మొత్తానికి సమోసాలు తెప్పించాను. సగం సమోసా చేతిలో ఉండగానే సదరు పేపర్ తెరిచాను. ముప్ఫై నాలుగో రెఫరెన్స్ నేనే. నా నంబరు తగిలించిన వాక్యం ఇది: "కింది దవడ ఎముక గట్టిది కనుక అక్కడ మినీ స్క్రూలు బాగా నిలబడతాయి."

నేను రాసింది దీనికి సరిగ్గా ఉల్టా.

కింది దవడ ఎముక గట్టిదే, కాదన్నదెవరు? ఆ గట్టిదనమే కొంప ముంచుతోందని కదా నా గోల! స్క్రూ దిగేటప్పుడు ఎముక వేడెక్కుతుంది, మితిమీరిన ఒత్తిడి పడుతుంది. అక్కడ గట్టి చిగురు తక్కువ, బ్రష్ సరిగ్గా అందదు, చుట్టూ వాస్తుంది. ఒకరోజు పేషెంటు స్క్రూని టిష్యూ కాగితంలో చుట్టుకొని తెచ్చి "డాక్టర్ గారూ, అన్నంలో వచ్చింది" అంటాడు. ఇదేమీ నేను కనిపెట్టిన రహస్యం కాదు. 2012లో పాపయోర్గియు బృందం 52 అధ్యయనాల్లోని 4,987 స్క్రూలను కలిపి లెక్క తీసింది. మొత్తం మీద 13.5 శాతం విఫలం. పేషెంటు ఆడా మగా, వయసెంత అన్నదానితో సంబంధం తేలలేదు. ఏ దవడ అన్నదానితో తేలింది, కింది దవడలోనే ఎక్కువ ఊడుతున్నాయి. మా ఓపీలోనూ అంతేనండీ అని నా చిన్న పేపర్ ఒక్క ముక్క చెప్పింది. ఆ ఒక్క ముక్కనే శీర్షాసనం వేయించారు. టైటిల్ కింద నాలుగు లైన్లు చదివినా తెలిసేది. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టు ఉంది వ్యవహారం.

ఉండబట్టలేక ఆ రాసినాయనకి మెయిల్ పెట్టాను. గంటలో జవాబు. "నమస్తే సర్, ఆ వాక్యానికి రెఫరెన్స్ ఏదీ అని రివ్యూయర్ అడిగారు. మీ టైటిల్ దగ్గరగా అనిపించింది. మీ తర్వాతి పేపర్లో మాది కూడా చూడగలరు."

చూడగలరట! పెళ్ళి పందిట్లో ఓ మూల కుర్చీ వేసుకుని, ఫలానా వారు 516 అని పుస్తకంలో రాసుకునే పెద్దమనిషి ఉంటాడే, తమరి ఉద్యోగం అదన్నమాట. వాళ్ళింట్లో పెళ్ళికి మనం ఎంత తిరిగి పెట్టాలో చూసుకోవడానికే ఆ పుస్తకం. పేరుకి చదివింపులు. చదివినవాడు ఒక్కడూ లేడు.

అసలు తమరి పుట్టుక గుర్తుందా? 1955లో యూజీన్ గార్ఫీల్డ్ 'సైన్స్' పత్రికలో తమరిని ఊహించినప్పుడు చెప్పిన కారణం ఏమిటి? తప్పుడు సమాచారాన్ని, కాలం చెల్లిన సమాచారాన్ని పరిశోధకులు గుడ్డిగా ఉటంకించకుండా ఆపడానికి. పాత పేపర్‌ని తర్వాత ఎవరెవరు విమర్శించారో సులువుగా కనపడటానికి. కాపలాకని పెంచుకున్నందుకు దొంగలకి టార్చిలైటు పట్టుకుంటున్నారు, సంతోషం.

ఇక మా టాడ్స్, అదే ఈ మినీ స్క్రూల, సాహిత్యానికి వస్తే, ఏ పేపర్ తెరిచినా మొదటి పేరాలో 1945, గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీ. కుక్కల దవడల్లో వైటాలియం అనే మిశ్రలోహపు స్క్రూలు పెట్టారు, 16 నుంచి 31 రోజుల్లో అన్నీ ఊడిపోయాయి. సంకల్పంలో జంబూద్వీపే భరతవర్షే అన్నంత భక్తిగా రాస్తాం. రెండో పేరాలో 1983, క్రీక్‌మోర్, ఎక్‌లండ్.

ఈ రెండో పేరా దగ్గర ఇంక తమరిని మీరు అనబుద్ధి కావడం లేదు. చూడు, ఆ 1983 పేపర్లో పేషెంటు ఒక్కరంటే ఒక్కరు. పైదవడలో, ముక్కు కింది ఎముకలో ఒక స్క్రూ. పది రోజులు ఆగి సన్నటి ఎలాస్టిక్ దారం కట్టారు. ఏడాదిలో ముందుపళ్ళు ఆరు మిల్లీమీటర్లు పైకి వెళ్ళాయి. మేం ఇన్నాళ్ళుగా తలుచుకుంటున్నది ఒక్క కేస్ రిపోర్టుని! ఇవాళ నేను అలాంటి కేసు పంపితే "క్షమించాలి, కేస్ రిపోర్టులు తీసుకోవడం లేదు" అని తిప్పికొడతారు. ఎందుకు? కేస్ రిపోర్టులకి సైటేషన్లు రాలవు, పత్రిక సగటు పడిపోతుంది. నీకోసం!

పైగా పత్రికల సైటేషన్ల సగటు లెక్కగట్టే నీ తమ్ముడు ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ది రెండేళ్ళ చూపు, అంతకంటే పాత పేపర్లు ఆయన లెక్కలోకి రావు. పన్ను నెలకి ఒక మిల్లీమీటర్ కదిలితే మేం పండగ చేసుకుంటాం. పళ్ళు తీసిన ఖాళీ మూయడానికే ఏడాది పట్టొచ్చు, క్లిప్పులు విప్పేసరికి రెండేళ్ళు. నా పేపర్ చదివి ఎవడైనా బుద్ధిగా పరీక్షించి, రాసి, ఏడాది రివ్యూలో నాని, అచ్చేసుకునేసరికి నీ తమ్ముడు కొట్టు కట్టేసి ఇంటికెళ్ళిపోయి ఉంటాడు.

ఎముకలో బిగించిన మినీ స్క్రూ కూడా బిగించినచోటే ఉండదని 2004లో లియూ బృందం చూపించింది, తల దగ్గర సగటున 0.4 మిల్లీమీటర్లు ముందుకి ఒరిగిందట. నువ్వు మాత్రం ఒరగవు, వంగవు. పొగిడినా ఒకటే, తిట్టినా ఒకటే, తప్పుగా చెప్పినా ఒకటే. రేపు మీటింగుకి నా ప్రమోషన్ ఫైల్ పోవాలి. ఆ తప్పుడు వాక్యం గురించి పత్రిక ఎడిటర్‌కి ఘాటుగా ఒక ఉత్తరం టైప్ చేశాను. పంపబోతూ ఆగాను. వాళ్ళు దిద్దితే నా రెఫరెన్స్ తీసేస్తారు కదా. ఉత్తరం డ్రాఫ్ట్స్‌లో ఉంది. ఫైల్లో సైటేషన్లు అన్న గడిలో 1 అని రాసి సంతకం పెట్టాను.

ఇట్లు,
కింది దవడలో నిలబడని మనిషి

తా.క. సాయంత్రం మా పీజీ కుర్రాడు థీసిస్ మొదటి డ్రాఫ్ట్ తెచ్చాడు. మొదటి లైన్ 1945, గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీ. "ఆ పేపర్ చదివావా నాన్నా?" అన్నాను. "లేదు సార్, మీ పేపర్లోంచి తీసుకున్నా" అన్నాడు. నా గుండె ఒక్కసారి లయ తప్పింది. "మరి నా పేపర్‌ని రెఫరెన్స్ ఇచ్చావా?"

"లేదు సార్. మీరూ మీ గైడ్ గారిది ఇవ్వలేదు కదా సార్."